డిగ్రీకి మామిడి అంటు: ఒక సవరణ

(కెమిస్ట్రీ అధ్యాపకురాలు భారతి గారి పదవీ విరమణ సభలో ఒక విలేకరి మాటలు. నూజివీడు, ఏప్రిల్ 30.)

సభకు పెద్దగా కూర్చున్న ప్రిన్సిపాల్ కిషోర్ బాబు గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన మామిడి వర్తకుల సంఘం అధ్యక్షులు శ్రీరాములు గారికి, వేదిక మీద పూలదండ బరువుకు ఇబ్బంది పడుతూ కూర్చున్న భారతి గారికి, ముందు వరుసలోని అధ్యాపకులకు, ఫ్యాన్లు ఎక్కడున్నాయో చూసుకుని మరీ కూర్చున్న రైతులకు, గోడవారన నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం. ఏప్రిల్ ఆఖరున, కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, పని ఆపుకుని ఇంతమంది ఒకచోట చేరడం ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో నేను రెండోసారి చూస్తున్నాను. మొదటిసారి ఒక మంత్రి గారి సభ. దానికి బస్సులు పెట్టారు. (నవ్వులు)

నాకు ప్రసంగాలు చేయడం అలవాటు లేదు. ఇతరులు చేసిన ప్రసంగాలను పన్నెండు వాక్యాల్లోకి కుదించడం మాత్రం వచ్చు. ఆ పద్ధతిలోనే భారతి గారి వివరాలు మొదట చెబుతాను. ఈ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశారు. మొత్తం ఒకే ల్యాబ్. ఆ ల్యాబులో కిటికీ పక్కనున్న సింకు పైపు ఆవిడ చేరిన ఏడాదే కారడం మొదలైంది. దాని మీద నేను మూడు వార్తలు రాశాను. ఇందాక వచ్చేటప్పుడు చూశాను, ఇంకా కారుతోంది. పత్రికలకు ఉన్న శక్తి ఎంతో దీన్నిబట్టి మీరే అంచనా వేసుకోండి. (నవ్వులు)

పైపు బాగుచేయడానికి చాలని శక్తి ఒక మనిషికి నష్టం చేయడానికి సరిపోతుంది. అది నేను చేసి చూశాను. ఈ సభలో మాట్లాడతానని నేనే అడిగాను, ఎవరూ పిలవలేదు. కారణం రెండు. పదకొండేళ్ల కిందట నేను భారతి గారి మీద ఒక తప్పు వార్త రాశాను. దానికి సవరణ ఇవ్వలేదు. అది ఒకటి. రెండోది, వచ్చే సోమవారం ఈ కాలేజీలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చుంటోంది. ఏ పేపర్లో ఏ పాఠం ఉండాలో తేల్చే కమిటీ అది. ఆ రోజు తీసుకునే నిర్ణయంతో భారతి గారు పన్నెండేళ్లుగా చేసిన పని నిలబడుతుంది, లేదా ఆవిడతోపాటే రిటైర్ అవుతుంది. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉంది కాబట్టి వరసగా చెబుతాను.

2012 జూన్‌లో భారతి గారు ఇక్కడ మామిడి మీద ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టించారు. పూత దగ్గర నుంచి పెట్టె కట్టి లారీ ఎక్కించేదాకా, ఆరు నెలలు, సాయంత్రం క్లాసులు. నలభై సీట్లు. మొదటి ఏడాది పదకొండు మంది చేరారు. రెండో ఏడాది ఆరుగురు. ఆ పదిహేడు మందీ తోటలున్న ఇళ్ల పిల్లలే, అందరూ అబ్బాయిలే, అంటే వీళ్లలో ఎవరికీ పిందెకీ కాయకీ తేడా కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మిగతా పిల్లలు ఎందుకు చేరలేదని అప్పట్లో నేను అడిగాను. ముసునూరు రైతు బసవపున్నారావు గారు, అదుగో, మూడో వరుసలో ఉన్నారు, నాతో అన్న మాట నా నోట్‌బుక్కులో ఉంది: “మామిడి నేర్చుకోడానికి కాలేజీ ఎందుకండీ, పిల్లల్ని మా తోటకి పంపండి, ఫీజు లేకుండా నేర్పుతాను, పైగా కాయలు కోయించుకుంటాను.” (నవ్వులు) ఆయన తల ఊపుతున్నారు. అంటే కోట్ సరిగానే రాసుకున్నాను.

2014లో కోర్సు మూసేశారు. నేను ఆరు వాక్యాల వార్త రాశాను. అది నిజమైన వార్త.

తర్వాత ఏడాది ఒక తండ్రి నా దగ్గరకు వచ్చి, కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసి మామిడికాయల గురించి చెబుతున్నారని అన్నారు. కెమిస్ట్రీలో మామిడి, స్టాటిస్టిక్స్‌లో మామిడి, ఆఖరికి తెలుగు క్లాసులో కూడా మామిడే అన్నారు. నేను పద్ధతి ప్రకారం ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా పరదేశి గారిని అడిగాను, “ఇక్కడ మామిడి కోర్సు నడుస్తోందా?” అని. “లేదండీ, మూసేశాం కదా” అన్నారు. టైమ్‌టేబుల్ చూపించమన్నాను. చూపించారు. అందులో మామిడి అన్న మాట ఎక్కడా లేదు. భారతి గారికి ఫోన్ చేశాను. ఆవిడ ల్యాబులో ఉండి, వెనక పిల్లల గోల మధ్య, ఒక్క వాక్యం చెప్పారు: “కొత్త మొక్క నాటాం, బతకలేదు. అందుకని ఉన్న మొక్కకే అంటు కడుతున్నామండీ.” క్లాసు అయ్యాక మాట్లాడతానన్నారు. నాకు సాయంత్రం ఐదింటికల్లా వార్త పంపాలి. నేను ఆగలేదు.

2015 ఫిబ్రవరి 17న జిల్లా అనుబంధంలో వార్త వచ్చింది. సిలబస్ పక్కన పెట్టి, టైమ్‌టేబుల్లో లేని పాఠాలు చెబుతున్నారని రాశాను. చివర్లో ఆవిడ అన్న వాక్యం వేశాను. విజయవాడ డెస్కులో శీర్షికలు పెట్టే కుర్రాడిది తోటలు లేని ఊరు. అతనికి అంటు అంటే మైల, అంటు అంటే అంటురోగం, ఇంకా చెప్పాలంటే తోమాల్సిన గిన్నెలు. మా వార్తలో తప్పు పట్టే స్వరం ఉంది కాబట్టి దానికి తగ్గట్టు శీర్షిక పెట్టాడు: “డిగ్రీకి మామిడి అంటు.”

ఆ శీర్షికను రెండు చోట్ల రెండు రకాలుగా చదివారు. పై ఆఫీసులో మా డెస్కు కుర్రాడు చదివినట్టే చదివారు. పదిహేను రోజుల్లో భారతి గారికి మెమో వచ్చింది, వారంలోగా సంజాయిషీ ఇవ్వాలని. మన ఊళ్లో మాత్రం ఎవరూ అలా చదవలేదు. మనకు అంటు అంటే ఒకటే అర్థం. నాటు మొక్కకు బంగినపల్లి కొమ్మ కట్టి, రెండూ కలిసిపోయేలా చేయడం. డిగ్రీకి మామిడి అంటు కడుతున్నారని చదివి, ఇదేదో మంచి పనిలాగే ఉందనుకున్నారు. (నవ్వులు) ఆ జూన్‌లో అడ్మిషన్ల రోజుల్లో పేపరు ముక్క చేత్తో పట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు పదిహేడు మంది అని పరదేశి గారు చెబుతారు. వాళ్లలో మొదటివారు బసవపున్నారావు గారు. ఆ రోజు ఆఫీసు కిటికీ దగ్గర జరిగిన సంభాషణ నేను ఇద్దరినీ విడివిడిగా అడిగి సరిచూసుకున్నాను.

“ఏవండీ, డిగ్రీకి అంటు కడుతున్నారంట కదా, మా అమ్మాయిక్కూడా కట్టండి.”

“ఇది కాలేజీ అండీ, నర్సరీ కాదు.”

“పేపర్లో వేశారు కదండీ.”

“పేపరు వాళ్లకేం, ఏదైనా వేస్తారు. మీ అమ్మాయిది ఏ గ్రూపు?”

“బీకాం.”

“బీకాంకి మామిడికీ సంబంధం ఏంటండీ?”

“అదేగా మరి అంటు అంటే.” (నవ్వులు, చప్పట్లు)

ఈ మాట నాకు అప్పుడు తెలియదు, ఇటీవల తెలిసింది. తెలిసి ఉంటే సవరణ అప్పుడే వేయించేవాణ్ని. ఆయన అర్థం చేసుకున్నంత కూడా నేను అర్థం చేసుకోలేదు.

మెమో సంగతి. భారతి గారు దానికి పద్నాలుగు పేజీల జవాబు ఇచ్చారు. అందులో వాదన లేదు, ఒక పట్టిక ఉంది. ఎడమవైపు సిలబస్‌లోని యూనిట్, కుడివైపు దానికి కట్టిన మామిడి పని, చివరి గడిలో అదనంగా పట్టిన పీరియడ్లు. ఆ చివరి గడిలో పై నుంచి కింది దాకా సున్నాలే. ఎసిటిలీన్ పాఠం ఎలాగూ చెప్పాలి, దాన్ని కార్బైడ్‌తో కాయలు మాగబెట్టడం దగ్గర మొదలుపెడతారు. ఆమ్లాన్ని కొలిచే ప్రయోగం ఎలాగూ చేయాలి, సీసాలో కొన్న ఆమ్లానికి బదులు కాయ రసం తీసుకుంటారు. స్టాటిస్టిక్స్‌లో శాంపిల్ తీయడం ఎలాగూ నేర్పాలి, పుస్తకంలోని బల్బుల బదులు కాయలు తీయిస్తారు. ఒక్క పాఠం వదలలేదు, ఒక్క గంట ఎక్కువ కాలేదు. ఆ జవాబు కాపీ ఆవిడ నాకూ పంపారు. మెమోకి జవాబు వార్త కాదనుకుని నేను సొరుగులో పెట్టాను.

మెమో ఏడాది తర్వాత ఉపసంహరించుకున్నారు. ఈలోగా ఆ జులైలో ఆవిడకు రావలసిన శాఖాధిపతి బాధ్యత ఇంకొకరికి వెళ్లింది. మూడేళ్లు అలాగే ఉంది. ఇది ఆవిడ నాకు ఏనాడూ చెప్పలేదు, రికార్డుల్లో చూశాను. వార్త వచ్చిన వారానికి మందుల షాపు దగ్గర ఎదురుపడ్డారు. నేను పక్కకు తప్పుకుందామని చూశాను. ఆవిడే దగ్గరకొచ్చి, “మీ వార్తలో అక్షరదోషాలు ఒక్కటి కూడా లేవండీ. విషయదోషమే” అని, చేతిలో చీటీ షాపతనికి ఇచ్చి వెళ్లిపోయారు.

మంచినీళ్లు ఇవ్వండమ్మా. (నీళ్లు తాగి)

ఇప్పుడు, ఈ అంటు కట్టడం వల్ల ఏం జరిగిందో నాకు తెలిసినవి మూడు చెబుతాను. ముఖ్య అతిథి గారు నన్ను క్షమించాలి, మొదటిది వారిదే. 2016 ఏప్రిల్‌లో కెమిస్ట్రీ పిల్లలు మాగబెట్టే గోడౌన్లు చూడటానికి బయల్దేరారు. పెట్టెల మధ్య పెట్టే పొట్లాల్లో ఏముందో రాసుకోవాలి. మొదట వెళ్లింది శ్రీరాములు గారి గోడౌన్‌కే. ఆయన భారతి గారికి బాబాయి వరస. “ఏమ్మా, ఇన్ని గోడౌన్లుండగా మీ పాఠానికి మా గోడౌనే దొరికిందా?” అని అడిగారు. “మీదైతే దగ్గర బాబాయ్, పిల్లలు నడిచి రావచ్చు” అన్నారు ఆవిడ. (నవ్వులు) పొట్లాల్లో ఉన్నది నిషేధించిన కార్బైడే. పిల్లలు రాసుకున్నారు. ఆ రాత క్లాసులో చదివారు, పేరుతో సహా. చుట్టరికం ఆరు నెలలు ఆగిందని విన్నాను. తర్వాత ఏడాది శ్రీరాములు గారు కార్బైడ్ మానేసి, కాయలు మాగబెట్టే ఇథిలీన్ గదులు కట్టించారు. పాఠం వల్లా, తనిఖీల భయం వల్లా అని నేను ఆయన్ని అడిగాను. “రెండూ రాసుకోవయ్యా” అన్నారు. రెండూ రాస్తున్నాను.

రెండోది తెలుగు శాఖది. దయామణి గారు పిల్లలకు కరపత్రం రాసే పని ఇచ్చారు, పండుఈగను ఎలా అరికట్టాలో రైతుకు చెప్పాలి. ఒక విద్యార్థి “ఫలమక్షికా నివారణోపాయములు” అని పేరు పెట్టి రెండు పేజీలు రాశాడు. దయామణి గారు మార్కులు వేయలేదు. “ఇంటికెళ్లి మీ నాన్నగారికి చదివి వినిపించు, ఆయనకి ఏం అర్థమైందో కింద రాసుకురా” అన్నారు. మర్నాడు కింద ఒకే వాక్యం ఉంది: “ఈ మక్షిక ఎవర్రా, మన వైపు పిల్ల కాదే అన్నారు.” (నవ్వులు) ఆ కరపత్రాన్ని నాలుగుసార్లు తిరగ రాయించారు. నాలుగోది రెడ్డిగూడెం మండలంలో పురుగుమందుల షాపుల గోడల మీద ఇప్పటికీ ఉంది. నేను చూశాను, చదివితే నాకే అర్థమైంది.

మూడోది బసవపున్నారావు గారి అమ్మాయి సింధూర. బీకాంలో చేరింది. విడిగా మామిడి కోర్సు ఉంటే ఆ అమ్మాయి చచ్చినా చేరేది కాదు, ఈ మాట తనే నాతో చెప్పింది. తోట నుంచి తప్పించుకోవడానికే బీకాం తీసుకుందట. స్టాటిస్టిక్స్ క్లాసులో శాంపిల్ పాఠం వచ్చింది. ముదిరిన కాయ నీళ్లలో మునుగుతుంది, లేత కాయ తేలుతుంది. కొన్ని కాయలు తీసి డ్రమ్ములో వేసి, తోట మొత్తం కోతకు వచ్చిందో లేదో చెప్పాలి. 2017 ఏప్రిల్‌లో వాళ్ల తోటకు కొనేవాళ్లు తొందరపెడుతున్నారు. ఈ అమ్మాయి ముప్పై కాయలు తెంపి, నీళ్ల డ్రమ్ములో పడేసింది. తండ్రి వచ్చి చూశారు.

“కాలేజీకి పంపితే కాయలకి స్నానం చేయిస్తున్నావేంటే?”

“ముదిరినవి మునుగుతాయి నాన్నా. పంతొమ్మిది తేలాయి, చూడు.”

“తేలితే?”

“అవి ఇంకా ఫస్టియర్లో ఉన్నట్టు. మునిగినవే డిగ్రీ అయినట్టు.”

ఆయన డ్రమ్ములోకి చూసి, తోట వైపు చూసి, అన్నారట: “ఇవన్నీ ఎక్కడ తెంపావు? రోడ్డు పక్క చెట్లవేగా. చేతికందిన కాయలేగా. ఎండ తగిలే వైపు కాయ ముందు ముదురుతుంది, నీడలోది వెనకబడుద్ది. అన్నీ ఒకవైపే తెంపి తోటంతా ఇంతే అంటే ఎట్టా?”

పుస్తకంలో దీనికి పెద్ద పేరుంది. తండ్రికి ఆ పేరు తెలియదు, కూతురికి పేరు తెలుసు కానీ తప్పు కనబడలేదు. ఇద్దరూ కలిసి తోట లోపలికి వెళ్లి మళ్లీ తెంపారు. ఈసారి ఇరవై నాలుగు తేలాయి. కోత తొమ్మిది రోజులు ఆపారు. ఆ తొమ్మిది రోజుల్లో ఒకరోజు ఈదురుగాలి వచ్చి కొంత కాయ రాలింది. ఉన్న కాయలో ఒక్క పెట్టె వెనక్కి రాలేదు. మొత్తం మీద లాభమా నష్టమా అని అడిగితే బసవపున్నారావు గారు ఇప్పటికీ సరిగా చెప్పరు.

“చెప్తే మీరు రాసేస్తారుగా.” (బసవపున్నారావు గారు కూర్చున్న చోటు నుంచే. నవ్వులు)

సింధూర ఇప్పుడు హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక ప్యాకింగ్ కేంద్రంలో నాణ్యత చూసే ఉద్యోగం చేస్తోంది. ఇవాళ సెలవు దొరకలేదు. సీజను కదా.

ఇక సోమవారం సంగతి. అజెండాలో నాలుగో అంశం ఇది: వేర్వేరు సబ్జెక్టుల్లో చెదిరి ఉన్న మామిడి పాఠాలను ఏరి, ఒకే ఐచ్ఛిక పేపరుగా కూర్చి, కెమిస్ట్రీ శాఖకు అప్పగించడం. కిషోర్ బాబు గారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన ఇక్కడికి వచ్చి రెండేళ్లే అయింది. నేను అడిగితే దాపరికం లేకుండా చెప్పారు: “తనిఖీ కమిటీ వచ్చి ఏం చేస్తున్నారో చూపించమంటే ఏది చూపించమంటారండీ? కాగితం మీద పేరు లేనిదానికి మార్కులు లేవు. మేడం ఉన్నంతకాలం నడిచింది, రేపు ఆవిడ లేకపోతే ఎవరు చెబుతారు?” రెండూ సరైన ప్రశ్నలే. ప్రశ్న సరైనదైతే జవాబు వెతకడం నా ఉద్యోగం. వెతికాను.

రెండో ప్రశ్న ముందు. భారతి గారికి ఈ మార్చిలో మోకాలి ఆపరేషన్ అయింది. నలభై రోజులు ఇంట్లోనే ఉన్నారు. ఆ నలభై రోజుల్లో ప్రిన్సిపాల్ గారి అనుమతితో మూడు రోజులు నేను క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చున్నాను. ఫలానా పాఠం చెప్పమని ఎవరినీ అడగలేదు. రెండో రోజు చైతన్య గారి స్టాటిస్టిక్స్ క్లాసు. చైతన్య గారిది శ్రీకాకుళం వైపు, నాలుగేళ్ల కిందట చేరారు. మొదటిరోజు భారతి గారు పట్టిక చేతికిస్తే, “మేడం, నాకు మామిడిపండు తినడం వరకే వచ్చు” అన్నారట. “తినడం వస్తే చాలు, మిగతాది పిల్లలు చెబుతారు” అన్నారట ఆవిడ. ఆ రోజు క్లాసులో డ్రమ్ము తెప్పించారు. ముప్పై కాయలు వేశారు, సగం ఎండ వైపువి, సగం నీడవి. మార్చి నెల, ముప్పైకి ముప్పై తేలాయి. ముందు బెంచీలో అమ్మాయి, “సార్, అన్నీ ఫెయిల్” అంది. చైతన్య గారు, “ఫెయిల్ కాదమ్మా, ఇంకా ఫస్టియర్లో ఉన్నాయి” అన్నారు.

క్లాసు అయ్యాక ఆ మాట ఎక్కడిదని అడిగాను. “తెలియదండీ, నోట్సులో ఉంది” అన్నారు. తొమ్మిదేళ్ల కిందట ఒక కూతురు తండ్రితో ముసునూరు తోటలో అన్న మాట, ఆ కూతుర్ని ఎప్పుడూ చూడని అధ్యాపకుడి నోట, భారతి గారు ఇంట్లో మంచం మీద ఉండగా వినపడింది. నేను విశేషణాలు వాడను. జరిగింది చెబుతున్నాను.

ఆ సాయంత్రం బసవపున్నారావు గారి దగ్గరకు వెళ్లి ఇది చెప్పాను. ఆయన ఒక సంగతి చెప్పారు: “అంటు పట్టిందని కొమ్మని తల్లి చెట్టు నుంచి ఒకేసారి కొయ్యమండీ. ముందు సగం గాటు పెట్టి వదిలేస్తాం. వారం పది రోజులు చూస్తాం. ఆకు వాడలేదంటే అప్పుడు పూర్తిగా కోస్తాం. మేడం గారి మోకాలు సగం గాటు అనుకోండి.” భారతి గారూ, మీ మోకాలికి ఇంత ప్రయోజనం ఉందని డాక్టరు చెప్పి ఉండరు. (నవ్వులు. భారతి గారూ నవ్వారు)

ఆయనే ఇంకో మాట కూడా అన్నారు, సోమవారం కూర్చునేవాళ్లు వినాలి. “పట్టిన అంటుని విప్పి, కొమ్మొక కుండీలో మొక్కొక కుండీలో పెడతామంటే, పెట్టుకోమనండి. కొమ్మ చస్తుంది. మొక్క బతుకుద్ది కానీ పుల్లకాయలు కాస్తుంది.” విడిగా పెట్టిన కోర్సుకు రెండేళ్లలో వచ్చింది పదిహేడు మంది. కలిపి చెప్పిన పన్నెండేళ్లలో ఈ పాఠాలు విన్నది రెండు వేల మూడు వందల పదహారు మంది. ఇందులో తోటలు లేని ఇళ్ల పిల్లలు సగానికి పైనే. అంకెలు పరదేశి గారివి.

ఇక మొదటి ప్రశ్న, కాగితం. పోయిన వారం మళ్లీ పరదేశి గారి దగ్గరకు వెళ్లాను. పదకొండేళ్ల కిందట అడిగిన ప్రశ్ననే కాస్త మార్చి అడిగాను. “ఇక్కడ మామిడి పాఠాలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసిన కాగితం ఏదైనా ఉందా?”

“ఉందండీ” అన్నారు.

“మరి అప్పుడు లేదన్నారే?”

“అప్పుడు మీరు కోర్సు ఉందా అని అడిగారు. పాఠాలున్నాయా అని అడగలేదు.”

బీరువా తీసి ఒక ఫైలు ఇచ్చారు. అట్ట మీద “భారతి మేడం సంజాయిషీ” అని ఉంది. లోపల నాకు పంపిన పద్నాలుగు పేజీలే ఉంటాయనుకున్నాను. నలభై ఆరు ఉన్నాయి. మెమోకి జవాబుగా రాసిన ఆ పట్టికకు తర్వాత ప్రతి ఏడాదీ ఒక్కో శాఖవారు ఒక్కో వరస చేర్చుకుంటూ పోయారు. ప్రతి వరస పక్కనా సంతకం, తేదీ. బదిలీ అయిపోయినవాళ్లవి, రిటైర్ అయినవాళ్లవి, చనిపోయిన ఒకరివి కూడా. 2017 పేజీలో, “రైతు బసవపున్నారావు గారి సూచన మేరకు ఎండ కొమ్మల నుంచి సగం, నీడ కొమ్మల నుంచి సగం తీయవలెను” అని ఉంది. ఆఖరి వరస ఈ మార్చి 24న చైతన్య గారు రాసింది: “అన్నీ తేలినా అది ఫలితమే, సున్నాను కూడా రాయించవలెను.”

కిషోర్ బాబు గారూ, మీరు కమిటీకి చూపించాల్సిన కాగితం అదే. ఏ పేపర్లో ఏ యూనిట్‌కు ఏది కట్టారో అందులో ఉంది. సోమవారం దాన్ని ఉన్నది ఉన్నట్టుగా సిలబస్‌కు అనుబంధంగా చేరిస్తే చాలు, కొత్త పేపరు అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు. ఫైలు పేరు మార్చమని పరదేశి గారిని అడిగాను, సంజాయిషీ అని ఎందుకు, ఎవరూ తప్పు చేయలేదు కదా అని. “పేరు మార్చాలంటే ఆర్డరు కావాలండీ” అన్నారు. (నవ్వులు)

(ప్రిన్సిపాల్ గారు మైకు లేకుండానే: “ఆ ఫైలు ఇప్పుడెక్కడుంది పరదేశీ?” గుమ్మం దగ్గర నుంచి పరదేశి గారు: “బీరువాలోనే అండీ. తాళం నా దగ్గరే.” “సోమవారం తొమ్మిదింటికి నా టేబుల్ మీదుండాలి.” “పాత పేరుతోనా అండీ?” “పేరు మేడం గారిని అడిగి రాయి.” చప్పట్లు)

ఇది ఆర్డరు కింద వస్తుందో లేదో పరదేశి గారు చూసుకుంటారు. సోమవారం ఏం తేలుతుందో నాకు తెలియదు. తెలియనిది రాయను. ఆ రోజు పదింటికి ఇక్కడ ఉంటాను. ఈసారి సాయంత్రం ఐదు దాటినా ఆగుతాను.

నాకు ఇంతసేపు మైకు ఇచ్చిన అధ్యక్షులకు, తన గోడౌన్ సంగతి నిండు సభలో చెప్పినా కుర్చీలోంచి లేవని శ్రీరాములు గారికి, పని ఆపుకుని వచ్చిన రైతులకు, గోడవారన నిలబడి విన్న పిల్లలకు కృతజ్ఞతలు. భారతి గారూ, ఈ సభకు ఏం తీసుకురమ్మంటారని పోయిన వారం మిమ్మల్ని అడిగాను. శాలువాలు ఇప్పటికే చాలా అయ్యాయని, వీలైతే ఆ సవరణ వేయమని అన్నారు. మా ఆఫీసులో పదకొండేళ్ల నాటి వార్తకు సవరణ ఏంటని అడిగారు. వివరించాను. ఇవాళ్టి జిల్లా అనుబంధం ఆరో పేజీలో, టైర్ల ప్రకటన కింద వచ్చింది. చిన్న అక్షరాలు, వెనక వాళ్లకు కనబడవు కాబట్టి చదువుతాను.

“సవరణ. 2015 ఫిబ్రవరి 17న ‘డిగ్రీకి మామిడి అంటు’ అన్న శీర్షికతో వచ్చిన వార్తలో, నూజివీడులోని ఒక కాలేజీలో సిలబస్ పక్కన పెట్టి మామిడి పాఠాలు చెబుతున్నారని రాశాం. అది తప్పు. సిలబస్‌లో ఒక్క పాఠం కూడా వదలలేదు. అధ్యాపకురాలు భారతి గారి వివరణ అప్పుడే అందినా ప్రచురించలేదు. అది కూడా తప్పే. శీర్షికలో మాత్రం మార్పు లేదు. అందులోని ‘అంటు’ అనే మాటను నూజివీడు అర్థంలో చదువుకోవలసిందిగా పాఠకులకు మనవి.”

చెప్పాల్సింది అయిపోయింది. సెలవు.